ఐసీయూ తలుపు ముందు

ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. చాలా ఏళ్ళ క్రితం మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు, తెల్లవారుజామున మూడింటికి, నేనొక నర్సు చెయ్యి పట్టుకుని గుంజాను. ఆవిడ చేతిలోని కేసు షీటు లాక్కుని "ఏం జరుగుతోందో చెప్పేదాకా కదలనివ్వను" అని అరిచాను. ఆవిడ తిరిగి అరవలేదు. "మీ నాన్నగారికి బీపీ పడిపోతోంది, నన్ను లోపలికి వెళ్ళనివ్వండి సార్" అంది. మా బావ వచ్చి నన్ను పక్కకి లాగాడు.

పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని బతికేవాణ్ణి. ఎవరిమీదా చెయ్యెత్తే మనిషిని కాదనుకునేవాణ్ణి. మరి ఆ రాత్రి ఆ మనిషి ఎవడు? ఆ ప్రశ్న వదలక, ఆస్పత్రుల మీద దాడుల గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో చెప్తాను.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. జబ్బుపడ్డవాళ్ళని ఇళ్ళలోంచి బలవంతంగా ఆర్థర్ రోడ్డు ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పటికి ప్లేగుకి మందు లేదు, కాబట్టి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగిరాలేదు. బయట ఉన్నవాళ్ళకి కనిపించింది ఒకటే: మనిషి నడిచి లోపలికెళ్ళాడు, శవమై బయటికొచ్చాడు. లోపల ఏదో చేసి చంపేస్తున్నారని పుకారు పుట్టింది. ఆ అక్టోబర్‌లో సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆస్పత్రి మీద పడి సిబ్బందిని కొట్టారు. మరుసటి ఏడాదే ఎపిడెమిక్ డిసీజెస్ చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్లు. ప్రభుత్వానికి ఎక్కడలేని అధికారాలూ ఇచ్చింది. జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది మాత్రం అందులో లేదు.

ఇప్పుడు ఐసీయూ దగ్గరికొద్దాం. అది పుట్టింది కూడా ఒక అంటురోగం వల్లే. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డమ్ ఆస్పత్రిలో మొదటి మూడు వారాల్లో ఊపిరి కండరాలు చచ్చుబడి, శ్వాస యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ ఊపిరి అందించవచ్చని చూపించాడు. మరి రోజుల తరబడి పిసికేదెవరు? దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా మంచాల పక్కన కూర్చుని పిసికారు. చావులు బాగా తగ్గాయి. 1953లో ఇబ్సెన్ అదే ఊళ్ళో మరో ఆస్పత్రిలో ఇందుకోసమే ప్రత్యేక వార్డు తెరిచాడు. చాలామంది చరిత్రకారుల లెక్కలో అదే మొదటి ఐసీయూ.

అంటే ఐసీయూ మొదట్లో యంత్రం కాదు, మంచం పక్కన కూర్చున్న మనిషి. ఆ మనిషి ఇప్పటికీ లోపలే ఉన్నాడు. కానీ తలుపుకి ఇవతల ఉన్నవాళ్ళకి కనిపించడు. మనకి కనిపించేది మూసిన తలుపూ, మందుల చీటీ, బిల్లూ.

మన దగ్గరి సంగతి చూడండి. దాడులు పెరిగాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసింది. మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్. పన్నెండేళ్ళ తర్వాత, 2020 ఏప్రిల్ 1న, హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో కరోనా పేషెంటు చనిపోతే బంధువులు డాక్టర్ల మీద దాడి చేశారు. దేశంలో ఇంకా చాలాచోట్ల ఇలాంటివే జరిగాయి. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఏ చట్టాన్ని సవరించారో తెలుసా? ఆ 1897 ప్లేగు చట్టాన్నే! తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు అన్నారు. జూన్‌లో అదే గాంధీలో మరో పేషెంటు చనిపోయినప్పుడు, డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు మీద మళ్ళీ దాడి జరిగింది. జూడాలు రోడ్డెక్కారు. వాళ్ళు అడిగింది రక్షణ ఒక్కటే కాదు. కరోనా వైద్యమంతా ఒక్క ఆస్పత్రి నెత్తినే పెట్టకండి, మనుషుల్ని పెంచండి అని కూడా అడిగారు.

దెబ్బలు తినేదెవరో గమనించారా? రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు, నర్సు, వార్డు బాయ్. పడకలు ఎన్నుండాలో, ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లో, బిల్లెంతో తేల్చేవాళ్ళు ఆ టైములో అక్కడ ఉండరు. పొరపాటు ఎవరిదైనా నైట్ సపోర్టు కుర్రాడే తిట్లు తినడం మనకి తెలియని విషయం కాదు. అయితే మనల్ని కుర్చీ పెట్టి ఎవరూ కొట్టరు.

చట్టం వద్దనను. నాలాంటివాడి మీద కేసు పెట్టి ఉంటే అది న్యాయమే అయ్యుండేది. కానీ చట్టం పనిచేసేది దెబ్బ పడ్డాక. సర్వరు పడిపోతే, చెప్పడానికేమీ లేకపోయినా అరగంటకోసారి క్లయింటుకి మెయిలు పెడతాం కదా. ఆ మెయిలు రాయడానికి వేరే మనిషి ఉంటాడు, సర్వరు బాగుచేసేవాణ్ణి కదిలించం. ఐసీయూలో ప్రాణం నిలబెట్టే నర్సే బయటికొచ్చి మాకు సమాధానం కూడా చెప్పాలి. రాత్రిళ్ళు ఆ తలుపు దగ్గర కూర్చుని, రెండు గంటలకోసారి పేషెంటు తాలూకు వాళ్ళతో మాట్లాడే మనిషిని ఒకర్ని పెట్టడం అంత ఖర్చా?

ఇదంతా నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు. ఆ రాత్రి ఆ వరండాలో మాతోపాటు ఇంకో పాతికమంది ఉన్నారు. వాళ్ళకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళెవరూ నర్సు చెయ్యి పట్టుకోలేదు.

ఐదింటికి ఆవిడే బయటికొచ్చింది. నా దగ్గరికి కాదు, మా బావ దగ్గరికెళ్ళి, "బీపీ నిలబడింది, ఇప్పటికి ఫరవాలేదు" అని చెప్పింది. మణికట్టు ఇంకా ఎర్రగానే ఉంది. నాన్న పదకొండో రోజున ఇంటికొచ్చాడు. డిశ్చార్జి నాడు ఆవిడకోసం అడిగితే డ్యూటీ మారిందన్నారు. పేరు కూడా కనుక్కోలేదు నేను.