అమృతాంజనము మొదలు జ్వరపు మాత్ర వరకు

చెన్నపురి తెలుగువారి చరిత్రలో ఔషధమునకును అక్షరమునకును సన్నిహిత సంబంధము కలదు. కృష్ణా మండలమందలి ఎలకుర్రులో 1867లో జన్మించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని ప్రతీతి. 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలసి, 1914లో చెన్నపురిలో దినపత్రికయైన ఆంధ్రపత్రికను, 1924 నాటి భారతిని ఆ తలనొప్పి మందు సొమ్మే పోషించినది. మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు నేటికిని వారి పేరు నిలుపుచున్నది.

అమృతాంజనము పైపూత మందు. ఇట్టి పూతలలో కర్పూరము, పుదీనాపువ్వు, గంధపూర తైలము ముఖ్యములు. గంధపూర తైలపు సారము ఆస్పిరినుకు దగ్గరి చుట్టము. చర్మముపై హాయినిచ్చు ఈ ద్రవ్యములే కడుపులోనికి పోయినచో పసిబిడ్డలకు ప్రాణాపాయము. కావున సీసా పిల్లల చేతికి అందరాదు. పసివారి ముక్కునకు పూయరాదు.

విశేషమేమనగా, ఆ 1893లోనే జర్మను వైద్యుడు ఫాన్ మేరింగు పారాసిటమాలును గూర్చి ప్రకటించెను. అర్ధశతాబ్దము మరుగున పడియున్న ఆ మందు 1940ల చివర అమెరికా శాస్త్రజ్ఞుల పరిశోధనచే మరల వెలుగులోనికి వచ్చినది. నేడది ప్రతి ఇంటి అలమరలోను కలదు.

నొప్పి తగ్గువరకు పూత రాచుకొనుట మన అలవాటు. మింగెడు మాత్రకు ఆ పద్ధతి చెల్లదు. ఆరోగ్యవంతులైన పెద్దలు పారాసిటమాలును 24 గంటలలో 4 గ్రాములకు మించి తీసికొనరాదు. అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. 650వి అయినచో ఆరు. మోతాదుకు మోతాదుకు నడుమ కనీసము నాలుగు గంటలు గడువవలెను. కాలేయవ్యాధి గలవారును, మద్యపానము చేయువారును వైద్యుని అడుగవలెను. పిల్లలకు బరువునుబట్టి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలెను.

పలు జలుబు మాత్రలలోను ఇదే మందుండును. పేర్లు వేరని రెండును మింగినచో మోతాదు రెట్టింపగును, కాలేయము చెడును. తొలినాడు లక్షణమేదియు కనబడకపోవుటయే ఇందలి ప్రమాదము.

చెన్నపురిలో వానకారు జ్వరము డెంగ్యూ కావచ్చును. అప్పుడు ఆస్పిరిన్, ఇబూప్రోఫెన్ రక్తస్రావమునకు దారితీయును, కావున వాడరాదు. జ్వరము రెండు దినములు దాటినచో వైద్యుని చూడవలెను.

మందు అమ్మిన సొమ్ముతో జాతికి చదువు పంచిన మహనీయుని వారసులము మనము. అట్టి మనము మాత్ర అట్టపై ముద్రించిన మందు పేరైనను చదువక మింగుట తగునా?