డేటా ఎవరి గడిలో ఉంటే పని వారిదే: హై పెర్ఫార్మెన్స్ ఫోర్ట్రాన్ కథ

1980ల చివరినాటికి శాస్త్రవేత్తల చేతికి కొత్త తరహా కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ప్రాసెసర్లు అనేకం, ఒక్కోదానికీ సొంత మెమరీ. పొరుగు ప్రాసెసర్ దగ్గరున్న విలువ కావాలంటే సందేశం ద్వారా తెప్పించుకోవాల్సిందే. ఆ సందేశాలన్నీ ప్రోగ్రామరే రాసుకోవాలి. వాతావరణాన్ని లెక్కగట్టాల్సిన మనిషికి ఏ సంఖ్య ఎక్కడుందో చూసుకోవడంతోనే సరిపోయేది.

ఈ చాకిరీని, ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు అప్పగించవచ్చని నమ్మినవారిలో అమెరికాలో కెన్ కెనెడీ, యూరప్‌లో హాన్స్ జీమా ముఖ్యులు. రైస్, సిరక్యూస్ విశ్వవిద్యాలయాల్లో ఫోర్ట్రాన్ డి, జీమా ఆధ్వర్యంలో వియన్నా ఫోర్ట్రాన్ అనే భాషలు రూపుదిద్దుకున్నాయి.

వాటిలో కీలకం డేటా పంపకం. 100 గడుల వరుసను 4 ప్రాసెసర్లకు పంచాలనుకుందాం. ‘బ్లాక్’ పద్ధతిలో 1 నుంచి 25 దాకా మొదటిదానికి, 26 నుంచి 50 దాకా రెండోదానికి వెళ్తాయి. ‘సైక్లిక్’ పద్ధతి పేకముక్కల పంపకం లాంటిది: 1, 5, 9 మొదటిదానికి, 2, 6, 10 రెండోదానికి. గడి ఎవరిదో, అందులో రాయాల్సిన విలువను లెక్కగట్టే బాధ్యతా వారిదే. ప్రతి గడికీ ఇరుపక్కల విలువల సగటు కట్టాలంటే, బ్లాక్‌లో రెండో ప్రాసెసర్ బయటినుంచి తెచ్చుకోవాల్సినవి రెండే: 25, 51 గడుల విలువలు. సైక్లిక్‌లో అన్నీ పొరుగునుంచే రావాలి. అయితే సమీకరణాలను గాస్ పద్ధతిలో సాధించేటప్పుడు, బ్లాక్‌లో ముందు వరుసలున్న ప్రాసెసర్ల పని తొందరగా ముగిసిపోతుంది. అక్కడ సైక్లిక్కే మేలు. ఒక్కో విలువకూ ఒక్కో సందేశం పంపకుండా, అన్నిటినీ మూటగట్టి లూప్ మొదలవకముందే పంపడం కంపైలర్ నేర్చిన పెద్ద మెళకువ.

ఈ ఆలోచనలను ఒకే ప్రమాణంగా మలచేందుకు 1992 జనవరిలో హ్యూస్టన్‌లో పరిశోధకులు, కంప్యూటర్ తయారీదారులు సమావేశమయ్యారు. 1993 మేలో హై పెర్ఫార్మెన్స్ ఫోర్ట్రాన్ తొలి ప్రమాణం వెలువడింది. ఆశలు పెద్దవి, కంపైలర్లు మాత్రం లేతవి. ప్రోగ్రామ్ నెమ్మదిస్తే ఎక్కడ ఆగుతోందో రాసినవారికే అంతుపట్టేది కాదు. సందేశాలను ప్రోగ్రామరే రాసుకునే పద్ధతికి ప్రమాణంగా 1994లో వచ్చిన ఎంపీఐలో శ్రమ ఎక్కువైనా, ఏం జరుగుతోందో కళ్లకు కనిపించేది. శాస్త్రవేత్తలు అటే మొగ్గారు.

అయినా 2002లో జపాన్‌లోని ఎర్త్ సిమ్యులేటర్ సూపర్‌కంప్యూటర్‌పై హై పెర్ఫార్మెన్స్ ఫోర్ట్రాన్‌లో రాసిన ప్రోగ్రామ్ సెకనుకు 14.9 లక్షల కోట్ల లెక్కలు చేసి గోర్డన్ బెల్ పురస్కారం అందుకుంది. ఆలోచనలో దోషం లేదనడానికి ఆ ఫలితమే సాక్ష్యం.

2007లో కెనెడీ, జీమా, మరో పరిశోధకుడు కోల్బెల్ కలిసి ఈ భాష ఉత్థాన పతనాలను దాపరికం లేకుండా చరిత్రగా రాశారు. అది వెలువడేనాటికి కెనెడీ లేరు. భాష వాడుక తప్పింది గానీ, డేటా పంపకాన్ని భాషలోనే చెప్పాలన్న ఆలోచన తర్వాత వచ్చిన చాపెల్ అనే భాషలో నిలిచింది.