గని లెక్క, గంజి లెక్క

మార్కాపురం వైపు పెరిగినవాళ్లకి పలక అంటే బళ్లో అక్షరాలు దిద్దుకునే వస్తువు మాత్రమే కాదు, ఇంటికి తిండి పెట్టిన రాయి కూడా. మా తాత పలకల గనిలో పనిచేశాడు. పొరలు పొరలుగా ఉండే ఆ రాయిని ఉలితో చీల్చడం ఆయన పని. నాకు ఊహ తెలిసేసరికి ఆయనకి మిగిలింది దగ్గొక్కటే. నేను చదివిన బళ్లో ఒక గదిని ఎవరో గని యజమాని కట్టించాడు. తాత ఆ గదివైపు చూపించి "మంచి పని చేశాడ్రా" అనేవాడు, దగ్గుతూనే. గనిలో దుమ్ము మింగించిందీ, బడికి గది ఇచ్చిందీ ఒకే రకం చెయ్యి అయితే, ఆ చేతిని ఎలా చూడాలి? అప్పుడు నాకు తెలీలేదు.

ఈ ప్రశ్న పట్టుకునే హెర్బర్ట్ హూవర్‌ని చదివాను. మనలో చాలామందికి అతను 1929 మాంద్యం నాటి అమెరికా అధ్యక్షుడు, లేదంటే ఒక డ్యామ్ పేరు. అంతకుముందు ప్రపంచమంతా తిరిగిన మైనింగ్ ఇంజనీరు.

1874లో అయోవాలో ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. పదేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. స్టాన్‌ఫర్డ్ మొదటి బ్యాచ్‌లో చేరి 1895లో జియాలజీ పట్టా తీసుకున్నాడు. మొదట దొరికింది కాలిఫోర్నియా గనిలో రాత్రిపూట ఖనిజం బండ్లు తోసే కూలి. రెండేళ్లు తిరక్కుండానే ఒక లండన్ కంపెనీ తరఫున పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు గనుల్లో అధికారి. అక్కడ ఖర్చు తగ్గించడానికి పని గంటలు పెంచాడు, ఇటలీ కూలీలని దింపాడు. 1899లో చైనా వెళ్లాడు. అక్కడి కైపింగ్ బొగ్గు గనులు విదేశీ కంపెనీ చేతిలోకి పోయిన తీరు మీద 1905లో లండన్ కోర్టులో కేసు నడిచింది. తీర్పు చైనా పక్షానికి అనుకూలంగా వచ్చింది.

1909లో 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ మైనింగ్' అనే పాఠ్యపుస్తకం రాశాడు. అందులో కార్మిక సంఘాలు సహజమైనవే, అవసరమైనవే అంటాడు. అదే పుస్తకంలో ఒక తెల్లవాడి పని ఇద్దరు ముగ్గురు రంగుజాతుల వాళ్ల పనితో సమానమని లెక్క కడతాడు. మా తాత ఆ లెక్కలో మూడో వంతు మనిషి అన్నమాట.

1912లో హూవర్, అతని భార్య లూ కలిసి అగ్రికోలా 1556 నాటి లాటిన్ గనుల గ్రంథం 'దె రె మెటాలికా'ని ఇంగ్లీషులోకి తెచ్చారు. దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎలా తినేస్తుందో అగ్రికోలా అప్పటికే రాశాడు. కార్పాతియన్ కొండల గనుల ప్రాంతంలో ఏడుగురు భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలున్నారని చెప్పాడు. ముఖాలకి ముసుగు కట్టుకునే సంగతీ రాశాడు. మా తాత పుట్టడానికి నాలుగొందల ఏళ్ల ముందే తెలిసిన విషయం ఇది. ఆయన మాత్రం తువ్వాలు తప్ప ఇంకేం కట్టుకోలేదు.

1914లో యుద్ధం మొదలైంది. జర్మనీ ఆక్రమించిన బెల్జియంలో తిండి లేదు. నలభై ఏళ్ల హూవర్ సంపాదన పక్కనపెట్టి, జీతం తీసుకోకుండా సహాయ కమిషన్ నడిపాడు. ఇటు బ్రిటన్‌నీ, అటు జర్మనీనీ ఒప్పించి యుద్ధం మధ్యలోంచి ఓడల్లో గోధుమలు తెచ్చాడు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్‌లలో కలిపి తొంభై లక్షలకి పైగా జనానికి అవి చేరాయి. 1921లో రష్యాలో కరువు. బోల్షివిక్కులంటే అతనికి గిట్టదు, అయినా 1922 ఆగస్టు నాటికి అతని సంస్థ అక్కడ రోజుకి కోటి మందికి పైగా అన్నం పెట్టింది. గని నడిపిన పద్ధతిలోనే గంజి కేంద్రమూ నడిపాడు: ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరికి చేరింది.

ఇక్కడిదాకా చదివి అతన్ని క్షమించేద్దాం అనుకున్నాను. కానీ అధ్యక్షుడయ్యాక, లక్షలాది అమెరికన్లు పని పోగొట్టుకున్నప్పుడు, ప్రభుత్వం నేరుగా వాళ్ల చేతికి సాయం ఇవ్వడానికి అతను ఒప్పుకోలేదు. స్వచ్ఛంద దాతలు చూసుకోవాలన్నాడు. తన జీతం మాత్రం దానధర్మాలకి ఇచ్చేశాడు. నిరాశ్రయులు వేసుకున్న గుడిసెల పేటలకి జనం 'హూవర్‌విల్' అని పేరు పెట్టారు.

విచిత్రమేంటంటే బెల్జియంలో ఖర్చుపెట్టిన డబ్బులో ఎక్కువ భాగం చందాలది కాదు, ప్రభుత్వాలది. రష్యా కోసం అమెరికన్ కాంగ్రెసే రెండు కోట్ల డాలర్లు ఇచ్చింది. అతని దాతృత్వం నిలబడింది ఖజానా మీదే. దూరదేశపు ఆకలికి ఖజానా తెరిపించినవాడు, ఇంట్లో ఆకలికి దాతల వైపు చూపించాడు. దానమైతే ఇచ్చేవాడి ఇష్టం. హక్కు అయితే అడిగినవాడికి జవాబు చెప్పాలి. అతనికి నచ్చనిది ఆ రెండోదే అని నాకనిపిస్తుంది.

1946లో ట్రూమన్ మళ్లీ పిలిచాడు. డెబ్బై ఒకటో ఏట దేశదేశాల ఆకలి లెక్క రాసుకుంటూ ఏప్రిల్‌లో మన దేశానికొచ్చాడు, బెంగళూరు దాకా వచ్చాడు. ఇప్పుడు నేను ఉద్యోగం చేసేదీ ఆ ఊళ్లోనే. పండక్కి ఇంటికి వెళ్లేటప్పుడు నంద్యాల దాటి, నల్లమల దాటి రైలు గిద్దలూరు చేరినప్పుడల్లా అనుకుంటాను: అతను ఇంకాస్త ముందుకొచ్చి ఉంటే మా వాళ్లకి గంజి తప్పకుండా పోయించేవాడు. గనిలో రాయి కోసేటప్పుడు నీళ్లు చల్లించేవాడా? ఆ మాట గట్టిగా చెప్పలేను.

ఆ బడి గది ఇప్పటికీ ఉంది. యజమాని మంచి పనే చేశాడు, తాత అన్నది అబద్ధం కాదు. కాకపోతే ఆ గది కంటే ముందు తాతకి రావాల్సినవి వేరే ఉన్నాయి: దుమ్ము లేవకుండా కాసిన్ని నీళ్లు, ముక్కుకి ఒక మంచి మాస్క్, దగ్గు మొదలైన రోజు ఒక డాక్టరు. అవి దానాలు కావు. అవి కూలిలో భాగం.