ఖాళీ నంబరు వెనుక కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, నేను ఊహించడం గురించి రాద్దామనుకున్నాను. ఆ విద్యలో మనల్ని మించినవారు లేరు. పేపర్లో ఓ మూల రెండు పంక్తుల వార్త చూసి డి.ఏ. ఎంత శాతమో, ఏ నెల నుంచి వర్తిస్తుందో, బకాయిలు చేతికిస్తారో జి.పి.ఎఫ్.లో జమ చేస్తారో లెక్క కట్టినవాళ్ళం మనం. పి.ఆర్.సి. నివేదిక బయటికి రాకముందే ఫిట్‌మెంట్ మీద పందేలు కాసినవాళ్ళూ మనలో ఉన్నారు.

అమెరికాలో ఇలాగే సినిమా డిస్కుల గురించి ఊహలు కట్టేవాళ్ళు వేల మంది ఉన్నారని అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మనవడు చెప్పాడు. వాడూ అందులో ఒకడే. ఏ పాత సినిమా రాబోతున్నదో చిన్న బొమ్మ చూసి, ఖాళీగా ఉన్న నంబరు చూసి చెప్పడానికి ప్రయత్నిస్తారట. మొదట నవ్వుకున్నాను. వాడు కథంతా వివరంగా చెప్పాక నవ్వు ఆగిపోయింది.

కొత్త రిజిస్టరు

1980లలో మన ఊళ్ళలో టీవీ, వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, ఇరుగుపొరుగునంతా పిలిచి, తెల్లవారేలోగా మూడు సినిమాలు చూసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. క్యాసెట్టు మీద ఒక పేరుండేది, లోపల మరో సినిమా ఉండేది. అప్పట్లో మన ఊహాగానం అంతవరకే.

సరిగ్గా ఆ కాలంలోనే, 1984లో, అమెరికాలో క్రైటీరియన్ కలెక్షన్ అనే సంస్థ మొదలైంది. మంచి సినిమాలను మంచి ప్రతుల నుంచి, వాటి చరిత్రతో సహా ఇళ్ళకు అందించాలన్నది దాని ఉద్దేశం. గ్రామఫోను రికార్డంత వెడల్పుండే లేజర్ డిస్కుల మీద మొదట వచ్చినవి 'సిటిజన్ కేన్' (1941), 'కింగ్ కాంగ్' (1933). 'కింగ్ కాంగ్' డిస్కులో రోనాల్డ్ హేవర్ అనే చరిత్రకారుడు సినిమా నడుస్తున్నంతసేపూ దాని నిర్మాణ విశేషాలు చెబుతూ పోతాడు. తరువాత డీవీడీల్లో మామూలైపోయిన 'కామెంటరీ' పద్ధతికి అదే ఆరంభం.

1998లో ఈ సంస్థ డీవీడీలకు మారింది. అప్పుడు మన గుమాస్తా కులానికి నచ్చే పని ఒకటి చేసింది. కొత్త రిజిస్టరు తెరిచినట్టు ఒకటి నుంచి వరుస సంఖ్యలు వేసి, ప్రతి పెట్టె వీపు మీద ఆ సంఖ్యను అచ్చు వేసింది. సేకరించేవారు పెట్టెలను ఆ వరుసలోనే అలమరాలో పేర్చుకుంటారు. ఇక చూడండి. నంబర్లు వరుసగా ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. మధ్యలో ఒకటి లేకపోతే మాత్రం ప్రాణం ఊరుకోదు. ఆ నంబరు ఎవరిది? ఎందుకు రాలేదు? ఇన్‌వార్డు రిజిస్టరులో ఒక నంబరు ఖాళీగా కనబడితే తనిఖీ అధికారి మనల్ని ఏమి అడిగేవాడో, వారూ అదే అడగసాగారు.

మొదటి ఖాళీ

విచిత్రమేమిటంటే, ఖాళీ పడింది మొదటి నంబరుకే. అకిరా కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' 2వ నంబరుతో 1998లో వచ్చేసింది. 3, 4, 5 కూడా వచ్చాయి. 1వ నంబరు మాత్రం 1999 దాకా రాలేదు.

ఆ నంబరు ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా 1937లో తీసిన 'గ్రాండ్ ఇల్యూజన్'ది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనుల చేతికి చిక్కిన ఫ్రెంచి సైనికుల కథ. శత్రువులోనూ మనిషిని చూపించిన ఆ సినిమా అంటే నాజీలకు గిట్టలేదు. ప్రచార మంత్రి గోబెల్స్ దానిని సినిమాల్లో ఒకటో నంబరు ప్రజాశత్రువు అన్నాడని ప్రతీతి. 1940లో జర్మన్లు పారిస్‌ను ఆక్రమించాక అసలు నెగెటివ్ బెర్లిన్‌కు తరలిపోయింది. యుద్ధం ముగిశాక అక్కడి నుంచి రష్యన్లు దానిని మాస్కోకు పట్టుకుపోయారు. నెగెటివ్ నాశనమైందనే లోకం అనుకున్నది. 1960లలో మాస్కో భాండాగారం నుంచి ఫ్రాన్సులోని తులూజ్ భాండాగారానికి కొన్ని ఫిల్ములు వచ్చాయి. వాటిలో ఈ నెగెటివ్ కూడా ఉన్నది. ఉన్న సంగతి ఎవరికీ తెలియదు! 1990ల ఆరంభంలో డబ్బాలు విప్పి సరిచూసినప్పుడు గానీ అది బయటపడలేదు.

క్రైటీరియన్ వారు డీవీడీకి సిద్ధమవుతున్న సమయంలో, తమ దగ్గరున్న ప్రతి కంటె ఎంతో మేలైన ఆ అసలు నెగెటివ్ సంగతి తెలిసింది. మొదటి డీవీడీగా రావలసినదాన్ని ఆపి, నెగెటివ్ నుంచి కొత్తగా తయారు చేయించి, 1999లో విడుదల చేశారు. ఆ ఖాళీ వెనుక ఒక యుద్ధం, మూడు దేశాలు, అరవై ఏళ్ళ కాలం ఉన్నాయన్నమాట.

నా రికార్డు రూము

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రికార్డులు చూసిన రోజుల్లో ఒక కార్యాలయంలో అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే కాలం చేశాడు. ఆయన సర్వీసు రిజిస్టరు కనబడలేదు. రిజిస్టరు లేనిదే కుటుంబ పెన్షన్ ప్రతిపాదనలు కదలవు. ఆయన భార్య ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "దొరికిందా బాబూ?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అనేవాణ్ణి. ఇన్నేళ్ళ తరువాత నిజం చెప్పుకుంటే తప్పేముంది? ఆ మాట అన్న చాలాసార్లు నేను వెతకలేదు.

ఆమె మానలేదు. ఏడాది దాటాక ఒక నెల ఆమె ముఖం చూడలేక, ఇక రేపు ఏ సమాధానం చెప్పాలో తోచక, ఇద్దరు కుర్రవాళ్ళను తోడు తీసుకుని రికార్డు రూములో కట్టలన్నీ విప్పాను. మూడో రోజున వేరే సెక్షన్ వారి ఎల్.డిస్. కట్టలో, ఏడాది గడిస్తే చింపి పారేసే కాగితాల మధ్య, ఆ రిజిస్టరు దొరికింది. ఆ కట్ట అప్పటికే పోవలసినది. ఎవరి బద్ధకం వల్లనో మిగిలింది.

రిజిస్టరును నేను వెతికానని అందరూ మెచ్చుకున్నారు. వెతికింది ఆమె. అడిగే మనిషి ఉండబట్టి వెతికే మనిషి లేచాడు.

బొమ్మల పొడుపుకథలు

మళ్ళీ డిస్కుల సంగతికి వద్దాం. ఈ సంస్థ సాధారణంగా ప్రతి నెలా మధ్యలో, మూడు నెలల తరువాత రాబోయే చిత్రాలను ప్రకటిస్తుంది. ఊహలు కట్టేవారు అంతవరకు ఆగలేరు. వారి ఆరాటం చూసి సంస్థ వారు కూడా ఆట మొదలుపెట్టారు. చందాదారులకు పంపే వార్తాలేఖలో ఒక పిచ్చి బొమ్మ వేస్తారు. అది రాబోయే సినిమాకు ఆనవాలు. కొత్త సంవత్సరం రాగానే ఒక పెద్ద బొమ్మ పంపుతారు. దాని నిండా చిన్న చిన్న బొమ్మలుంటాయి, ఒక్కొక్కటి ఆ ఏడాది రాబోయే ఒక్కొక్క సినిమాకు గుర్తు. కొన్ని చూడగానే తెలిసిపోతాయి. కొన్నింటికి పేరును రెండుగా విరిచి శ్లేష వెతుక్కోవాలి. కొన్ని సినిమా విడుదలయ్యాక గానీ అర్థం కావు.

మనకు తెలిసిన పద్ధతిలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. మోకాళ్ళ దాకా నిక్కరు తొడిగిన పనివాడు రుబ్బురోలు ముందు కూర్చున్నట్టు బొమ్మ వేశారనుకోండి. మనలో ఎవరైనా 'గుండమ్మ కథ' అని ఠక్కున చెబుతారు. లడ్డూలు వాటంతటవే గాలిలో ఎగిరి ఒక పెద్ద నోట్లోకి పోతున్నట్టు వేస్తే 'మాయాబజార్' అని మనవరాళ్ళు కూడా చెబుతారు. ఒక ముసలమ్మ, పక్కన ఒక కథల పుస్తకం మాత్రమే వేస్తే 'గుండమ్మ కథ' అని తట్టడానికి కొంచెం సమయం పడుతుంది. మన పొడుపుకథకూ, గళ్ళ నుడికట్టుకూ ఇది దగ్గరి చుట్టమే.

కొంతకాలం ఈ బొమ్మలు గీసినవాడు జేసన్ పోలాన్ అనే న్యూయార్క్ చిత్రకారుడు. ఆ మహానగరంలో ఉన్న ప్రతి మనిషినీ గీయాలని పూనుకున్నవాడు. పూర్తికాదని తెలిసీ చేసిన పని అది. 2020 జనవరిలో, 37 ఏళ్ళ వయసులోనే, కన్నుమూశాడు. బొమ్మల ఆట మాత్రం ఆగలేదు.

సంఖ్యల మీద ఊహలు కూడా ఆగలేదు. వెయ్యో నంబరు ఏ మహాదర్శకుడికి దక్కుతుందా అని చాలా ముందు నుంచే చర్చలు నడిచాయి. 2019 అక్టోబరులో ఆ నంబరు జపాను రాక్షసబల్లి గాడ్జిల్లాకు దక్కింది! 1954 నుంచి 1975 వరకు వచ్చిన పదిహేను గాడ్జిల్లా చిత్రాలు ఒకే పెట్టెలో వచ్చాయి. సీనియారిటీ జాబితాలో మనం ఎవరి పేరో వెతుకుతుంటే మరెవరికో ప్రమోషన్ వచ్చినట్టు చాలామంది అవాక్కయ్యారట.

కాలిన ఫిల్ము

మన దేశానికి సంబంధించిన ఘట్టం ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 1వ నంబరు దర్శకుడు రెన్వా 'ద రివర్' సినిమా కోసం 1949లో కలకత్తా వచ్చినప్పుడు, అతనితో తిరిగిన యువకులలో సత్యజిత్ రాయ్ ఒకరు. తరువాత రాయ్ 'పథేర్ పాంచాలి' (1955), 'అపరాజితో' (1956), 'అపుర్ సంసార్' (1959) తీశారు. 1992లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చిన అకాడమీ, ఆ చిత్రాలను భద్రపరచాలని సంకల్పించింది. నెగెటివ్‌లు లండన్‌లోని ఒక ల్యాబొరేటరీకి చేరాయి. 1993 జులైలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాపాడడానికి పంపినవే కాలిపోయాయి.

కాలినవాటిని పారేయకుండా అకాడమీ వారు దాచారు. కరిగి అంటుకుపోయిన ఆ ముద్దలు ఇరవై ఏళ్ళు అలాగే ఉన్నాయి. ఎల్.డిస్. కట్టలో వేయవలసినదాన్ని ఎవరో ఆర్.డిస్.గా శాశ్వతంగా దాచారన్నమాట. 2013 తరువాత క్రైటీరియన్, అకాడమీ కలిసి ఇటలీలోని బొలోన్యా నగరంలోని నిపుణులకు వాటిని అప్పగించాయి. ఎండి పెళుసెక్కిన ఫిల్ముకు తిరిగి తేమ పట్టించి, అతుకుల దగ్గర కరిగిన భాగాలను చేత్తో తీసి, వెయ్యి గంటలకు దగ్గరగా శ్రమించారు. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ కాలిన అసలు నెగెటివ్ నుంచే బతికి బయటపడ్డాయి. 'అపుర్ సంసార్' నెగెటివ్ మాత్రం పనికిరాలేదు. దానిని ఇతర చోట్ల దొరికిన ప్రతుల నుంచి తయారు చేశారు. 2015 మే నెలలో న్యూయార్క్‌లో ప్రదర్శన, నవంబరులో డిస్కులు.

రాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టే మావాడు ఆ ప్రకటన వచ్చిన రోజున అర్ధరాత్రి అని కూడా చూడకుండా ఫోన్ చేశాడు. మావాడికి బెంగాలీ రాదు. ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. ఒక సినిమా కోసం కుర్రవాడి గొంతు అలా పూడుకుపోవడం నేను అంతకుముందు ఎరుగను.

ఉన్నవి, పోయినవి

ఇంట్లో ఉన్నంత మాత్రాన అన్నీ శాశ్వతమని కాదు. ఆ 1వ నంబరు 'గ్రాండ్ ఇల్యూజన్' హక్కులు చేతులు మారడంతో, 2010లో మరికొన్ని చిత్రాలతో పాటు క్రైటీరియన్ జాబితా నుంచి తప్పుకున్నది. అంత కష్టపడి నింపిన మొదటి నంబరే దుకాణాల్లో మళ్ళీ ఖాళీ అయింది. కొన్నవారి అలమరాలో మాత్రం ఉన్నది. టపాలో డిస్కులు అద్దెకు పంపి పెరిగిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని ముగించింది. పాత చిత్రాలను నేరుగా ఇళ్ళకు ప్రసారం చేసిన ఫిల్మ్‌స్ట్రక్ అనే సేవ 2018 నవంబరులో మూతపడింది. చందా కట్టినవారి చేతిలో ఏమీ మిగలలేదు. అందుకే కాబోలు మావాడి వంటివాళ్ళు ఇంకా పెట్టెలు కొంటూ, నంబర్లు చూసుకుంటూ, బొమ్మల్లో ఆనవాళ్ళు వెతుకుతూ ఉన్నారు.

ఈ ఊహలన్నీ నిజమవుతాయా అంటే, చాలావరకు కావు. మన డి.ఏ. లెక్కలు మాత్రం ఎన్నిసార్లు నిజమయ్యాయి? అయినా ఏదో ఒక భాండాగారంలో, తప్పు పేరు రాసిన డబ్బాలో, ఇంకా కొన్ని సినిమాలు ఉండే ఉంటాయి. "దొరికిందా?" అని అడిగేవారు లేకపోతే ఆ డబ్బా మూత తీసేవారు ఉండరు.

కనుక సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ ఇళ్ళలో పాత ఫొటోలు, ఉత్తరాలు, క్యాసెట్లు, సర్వీసు కాగితాలు ఉంటే, ఏవి ఏమిటో పైన రాసి పెట్టండి. మీ మనవలు వచ్చి ఏదైనా అడిగినప్పుడు, నేను ఆనాడు అన్నట్టు, చూడకుండానే "లేదు" అని అనకండి. లేచి వెళ్ళి ఒక్కసారి కట్ట విప్పి చూడండి.