తెరమీది చూపుడువ్రేలు

కంప్యూటరు తెరపై నలుదిక్కులకు పరుగెత్తు చిన్న బాణపు గుర్తును ఎరుగనివారు నేడు మన ఇండ్లలో కొద్దిమందియే. చేయి బల్లమీద ఉండును. చూపు తెరమీద ఉండును. ఈ రెండింటి నడుమ జానెడో మూరెడో ఎడము. ఆ ఎడమును మరపించి, తెరమీద కదలునది మన వ్రేలే అని నమ్మించుట ఆ గుర్తు పని. దానిని కర్సరు అందురు. మన వ్రేలు కానిదానిని మన వ్రేలని నమ్ముట సామాన్యమైన సంగతి కాదు. ఆ నమ్మకము ఎట్లు ఏర్పడెనో, ప్రోగ్రాములు వ్రాయువారు దానిని ఎట్లు నిలుపుకొనిరో, ఎచ్చట జారవిడిచిరో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

కర్సరు అను మాట లాటిను భాషనుండి వచ్చినది. పరుగెత్తువాడని దాని అర్థము. కంప్యూటరుకు ముందే అది ఇంజనీర్ల వాడుకలో ఉండెను. 1970 ప్రాంతము వరకు ఇంజనీరింగు చదివిన మన పెద్దలు స్లైడు రూలును ఎరుగుదురు. ఆ కొలబద్దపై, సన్నని గీతతో అటునిటు జారెడు గాజుబిళ్ల పేరు కర్సరే. లెక్క ఎచ్చట ఉన్నదో అచ్చట గీతను నిలుపుట దాని పని. తెరమీది గుర్తుకు ఈ పేరు అబ్బుటలో వింత లేదు.

తెరపై గుర్తును చేతితో నడుపవలసిన అవసరము మొదట కలిగినది రాడారువారికి. తెరపై మినుకుమనెడు చుక్కలలో ఏది ఏ నౌకయో యంత్రమునకు చెప్పవలెనన్నచో, ముందు ఆ చుక్కను చూపవలెను గదా! 1946లో రాల్ఫ్ బెంజమిన్ బ్రిటిషు నౌకాదళము కొఱకు దొర్లెడు బంతితో ఒక సాధనము కల్పించెను. 1952లో కెనడా నౌకాదళము తలపెట్టిన డాటర్ అను యంత్రమున, ఆ దేశస్థులు ఆడుకొను బౌలింగు బంతినే తెచ్చి అమర్చిరి. 1963లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఇవాన్ సదర్లాండ్ రచించిన స్కెచ్‌ప్యాడ్ మరియొక త్రోవ పట్టెను. అందు కాంతికలమును తెరకే ఆనించి గీయవలెను. యంత్రము తెరపై ఒక కూడిక గుర్తును వెలిగించి, కలము ఎటు పోయిన అటు దానిని వెంట నడిపెడిది. చూచుటకు అద్భుతమే. కాని చేతిని గంటలకొలది గాలిలో ఎత్తిపట్టుట ఎవరికి సాధ్యము?

చేతిని మరల బల్లమీదికి దింపినవాడు డగ్లస్ ఎంగెల్‌బర్ట్. కాలిఫోర్నియాలో మెన్లో పార్కులోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఆయన ఊహించినదానిని 1964లో బిల్ ఇంగ్లిష్ చెక్కదిమ్మలో నిర్మించెను. అడుగున ఒకదానికొకటి అడ్డముగా రెండు చక్రములు. పైన ఒక మీట. ఒక చక్రము అడ్డపు నడకను, మరియొకటి నిలువు నడకను కొలుచును. తోకవంటి తీగను చూచి దానికి మౌస్ అని పేరు పెట్టిరి. వారు దీనిని గ్రుడ్డిగా నమ్మలేదు. కాంతికలము, జాయ్‌స్టిక్కు, తుదకు మోకాలితో త్రిప్పు మీటతో సహా ప్రక్కప్రక్కన పెట్టి, మనుష్యులచేత పని చేయించి, కాలమును, తప్పులను లెక్కించిరి. అలవాటు పడినవారి చేతిలో మౌస్ మిన్నగా తేలినది. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వేయిమంది నిపుణుల యెదుట ఎంగెల్‌బర్ట్ గంటన్నరసేపు దానిని చూపెను. తెరమీది గుర్తును వారు ముద్దుగా పురుగు అని పిలుచుకొనెడివారు. అదే సంవత్సరము అక్టోబరులో జర్మనీకి చెందిన టెలిఫుంకెన్ సంస్థ దొర్లెడు బంతిగల మౌస్‌ను అమ్మకమునకు ప్రకటించెను. ఒక అవసరము పండినప్పుడు రెండు చోట్ల ఒకే పంట వచ్చుట చరిత్రలో క్రొత్త కాదు.

ఎంగెల్‌బర్ట్ గుర్తు నిట్టనిలువుగా పైకి చూచెడి బాణము. అది ఎడమకు ఒరిగినది పాలో ఆల్టోలోని జిరాక్సు పరిశోధనాలయములో. 1973లో అచ్చట తయారైన ఆల్టో యంత్రమున కర్సరుకు లభించిన చోటు అడ్డమునకు 16 చుక్కలు, నిలువునకు 16 చుక్కలు మాత్రమే. ఆనాటి మోటు చుక్కలతో నిలువు బాణము గీసిచూడుడు: రెండు ప్రక్కలును మెట్లుమెట్లుగా విరిగి, బాణమో, గుడిసెయో తెలియకుండును. దానిని ఒరగజేసినచో ఎడమ అంచు తిన్నని నిలువుగీత అగును. కుడి అంచు వరుసకొక చుక్క చొప్పున దిగుచు నికరమైన ఏటవాలు అగును. చదరపు గడులపై చెడకుండ నిలుచు గీతలు అవియే. పైగా బాణపు మొన ఆ చిత్రములోని మొట్టమొదటి చుక్కయే అగుటచే లెక్కయు తేలిక. నేటి తెరలపై మెట్ల బాధ లేకున్నను బాణము ఒరిగియే ఉన్నది. ముగ్గులో పడిన చుక్కను ఎవరు కదుపుదురు?

ఇక కర్సరును చేయు విధము. 1984 జనవరిలో వెలువడిన మాకింటోషు యంత్రమున బిల్ అట్కిన్సన్ రచించిన క్విక్‌డ్రా అను భాగము ఇందుకు చక్కని ఉదాహరణము. అందు ఒక కర్సరు మొత్తము 68 బైట్లు. మొదటి 32 బైట్లలో బొమ్మ. తరువాతి 32 బైట్లలో ముసుగు. మిగిలిన 4 బైట్లలో ఒక బిందువు యొక్క స్థానము. బొమ్మ ఉండగా ముసుగు ఎందుకని అడుగవచ్చును. బొమ్మలో ప్రతి చుక్కయు నలుపో తెలుపో కావలెను. అట్లైనచో బాణము చుట్టును తెల్లని చదరము కూడ కదలుచు, క్రిందనున్న అక్షరములను కప్పివేయును. ఎచ్చట బొమ్మ, ఎచ్చట శూన్యము అని చెప్పుటకే ముసుగు. ముసుగు ఉన్నచోట బొమ్మ చెప్పిన రంగు వచ్చును. రెండును లేనిచోట క్రిందిది కనబడును. ముసుగు లేక బొమ్మ మాత్రము ఉన్నచోట క్రింది చుక్క తలక్రిందులై, నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారును. ఏ నేలపైనను కనబడుటకు ఈ నాలుగవ ఉపాయము పనికివచ్చెను.

చివరి 4 బైట్లలోని బిందువును హాట్‌స్పాట్ అందురు. బొమ్మ ఎంత ఉన్నను, యంత్రము లెక్కలో మనము తాకినది ఆ ఒక్క బిందువునే. బాణమునకు అది మొన. కూడిక గుర్తుకు నడిమి కూడలి. దానిని రెండు చుక్కలు ప్రక్కకు వేసినచో చూచువానికి ఏమియు తోచదు. కాని నొక్కినదొకటి, అందినదొకటి అగును. వాడుకరి తన చేతినే నిందించుకొనును.

వాస్తవమునకు బాణము కదలుట లేదు. ఒకచోట చెరిపి మరియొకచోట గీయుచున్నారు, అంతే. అందు కొఱకు బాణము క్రిందనున్న చుక్కలను ముందే దాచిపెట్టి, అది తొలగగానే ఎక్కడివక్కడ పెట్టవలెను. బాణము ఉన్న తావుననే ప్రోగ్రాము ఏదైన గీయదలచినచో, ముందు బాణమును దాచి, పని ముగిసిన పిదప చూపవలెను. విండోస్‌లో ఈ దాచుట, చూపుట ఒక లెక్కప్రకారము జరుగును. ఎన్నిమార్లు గడియ వేసితిమో అన్నిమార్లు తీసిననే తలుపు తెరచుకొనును. ఒక్కటి మరచిన ప్రోగ్రాములో బాణము మాయమై, మౌస్ చెడిపోయినదని ఇల్లంతయు కలతపడును. పిమ్మటి యంత్రములలో కర్సరును తెరమీద గీయక, పైన వేరొక పొరగా చూపు ఏర్పాటు యంత్రభాగములకే అప్పగింపబడినది. ప్రోగ్రాము పనిలో మునిగియున్నను బాణము చేతివెంట నడచుటకు ఆ పొరయు ఒక ఆధారము.

ఆకారమే కర్సరు పలుకు. అక్షరములపై అది సన్నని నిలువుగీత అగును, రెండు అక్షరముల సందున దూరుటకు. ఇది ఆంగ్లమున సులువు. తెలుగున "స్త్రీ" అను అక్షరము యంత్రము లోపల ఆరు సంకేతములు. కాని చదువరికి ఒక్కటే. అందుపై నొక్కినప్పుడు గీత దానికి ముందో వెనుకనో నిలువవలెను గాని, ఒత్తును చీల్చుకొని నడుమ నిలువరాదు. ఈ మర్యాద ఎరుగని ప్రోగ్రాములలో తెలుగు దిద్దుట కన్న తిరిగి వ్రాయుటయే మేలు.

వేచియుండుడని చెప్పు గుర్తుల సంగతి ఇంకను ముఖ్యము. మాకింటోషు చేతిగడియారమును, విండోస్ ఇసుక గడియారమును చూపెడివి. పని ఆరంభమున ప్రోగ్రాము తానే దానిని పెట్టి, ముగియగానే తీయవలెను. కాని ప్రోగ్రాము నడుమ చిక్కుపడినచో ఆ గడియారము అట్లే నిలిచియుండును. పని జరుగుచున్నదో, ప్రోగ్రాము చచ్చినదో చూచువానికి తెలియదు. వ్రాసినదంతయు పోవునను భయముతో, ఆపివేయుటకును ధైర్యము చాలక కూర్చుండినవారు ఎందరో! 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్‌లో ప్రోగ్రాము బదులు పలుకనప్పుడు, ఆ సంగతిని వ్యవస్థయే గుర్తించి రంగులచక్రమును త్రిప్పెడి పద్ధతి కలదు. రంగులచక్రమును నవ్వులపాలు చేసినవారు చాలమంది. మాకు మాత్రము అది గడియారము కన్న సత్యసంధముగా తోచును. నేరస్థుని మాట కన్న సాక్షి మాట మేలు గదా.

కర్సరుతో అబద్ధమాడించుటయు సాధ్యమే. వెబ్ పుటలు తమ బొమ్మనే కర్సరుగా పెట్టు వీలు కలిగిన తరువాత, కొందరు అసలు బిందువును దూరముగా పెట్టి, బొమ్మలోని బాణమును వేరొకచోట చూపి, జనులచేత తలపని మీటలను నొక్కించుట సాధ్యమని తేలినది. అందువలననే ముఖ్యమైన బ్రౌజర్లు 128 చుక్కలకు మించిన బొమ్మను కర్సరుగా అంగీకరింపవు.

తెరలు నునుపెక్కినకొలది చుక్క చిన్నదై, బాణమును చిక్కిపోయెను. చూపు మందగించినవారు దానిని వెదకుటకే అలసెడివారు. 2015లో ఆపిల్ సంస్థ, మౌస్‌ను చకచక ఊపినచో బాణము ఒక్కసారి పెరిగి కనబడు ఏర్పాటు చేసెను. విండోస్‌లోను బాణపు పరిమాణమును, రంగును కోరినట్లు మార్చుకొనవచ్చును. అయినను కొందరు ప్రోగ్రాము రచయితలు అందము కొఱకు తమ సొంత కర్సరును చెక్కి, వాడుకరి ఎంచుకొన్న పెద్ద బాణమును త్రోసివేయుచున్నారు. ఇది ఇంటివారి కండ్లజోడు తీసి మన జోడు తగిలించుట వంటిది; మేము మెచ్చజాలము.

2007లో ఐఫోను వచ్చి, వ్రేలితో తెరనే తాకు అలవాటు వ్యాపించినపుడు కర్సరుకు కాలము చెల్లినదని పలువురు తలచిరి. ఎంగెల్‌బర్ట్ 2013 జూలైలో కన్నుమూసెను. 2020 మార్చిలో ఆపిల్ సంస్థ తన ఐప్యాడు పలకకు మౌస్‌ను జతపరచి, అందు ఒక క్రొత్త కర్సరును ప్రవేశపెట్టెను. 2025 వరకు అది బాణము కాదు. వ్రేలికొనను పోలిన చిన్న వలయము. అక్షరములపైకి పోయినచో అది నిలువుగీతగా సన్నగిలెడిది. మీటపైకి పోయినచో ఆ మీట ఆకారమును దాల్చి అందు కలిసిపోయెడిది.