మహాక్షోభమునుండి ఘాతాంకమునకు

అతి దీర్ఘసంఖ్యలను పది ఘాతములతో వ్రాయు నేటి శాస్త్రపద్ధతికి మన ప్రాచీనగణితమున సాదృశ్య మెంతవఱకు గలదో యిచట విచారింతుము.

పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమును మహావీరాచార్యుడు రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, అనగా 9వ శతాబ్దమున, సంస్కృతమున రచించెను. అందు ఏకము మొదలు మహాక్షోభము వఱకు 24 స్థానములకు పేర్లు గలవు. మహాక్షోభ మనగా 10²³. రసాయనశాస్త్రమందలి అవొగాడ్రో సంఖ్య 6.022×10²³, అనగా ఇంచుమించు ఆఱు మహాక్షోభములు. కావున స్థాననామము ఘాతాంకమునకు మాటరూపమే యని మా యభిప్రాయము.

చదరంగపు 64 గడులలో ఒకటి మొదలు రెట్టింపుగా పోయగా వచ్చు మొత్తమును దెలుపు తెలుగుపద్య మొకటి ప్రసిద్ధము. శర మనగా 5, శశి యనగా 1. ఇట్లు ఒకట్ల స్థానమునుండి ఎడమకు 20 అంకెలును అందు చెప్పబడినవి: 18446744073709551615. ఒక్క అంకెయు జాఱదు. కాని పరిమాణ మెఱుగుటకు అన్నిటిని లెక్కింపవలెను. 1.84×10¹⁹ అన్నచో పరిమాణము వెంటనే తెలియును. తుది అంకెలు పోవును.

అల్పసంఖ్యల తీరు వేఱు. పూర్ణసంఖ్యలు పదింతలుగా పెరుగగా, కాలు (1/4), వీసము (1/16) మొదలగునవి నాలుగవపాళ్లుగా తగ్గినవి. రెంటిని ఒకే సోపానమున నిలిపినది ఋణఘాతాంకము. అంతయు మనకు మున్నే కలదనుటకు ముందు పరిశోధకు లీ భేదమును గుర్తింపవలెను.