గొంతు చించుకోకుండా పాడటం ఎలా?

గ్యాదరింగు దగ్గరపడితే పాటల రిహార్సల్ మొదలవుతుంది. "గట్టిగా పాడు, వెనక కూర్చున్నవాళ్లకీ వినపడాలి" అని పెద్దవాళ్లం మనమే అంటాం. నాలుగు రోజులకు పిల్లల గొంతులు బొంగురుపోతాయి. గట్టిగా పాడటం వేరు, గొంతు చించుకోవడం వేరు. ఆ తేడా తల్లిదండ్రులకూ, పిల్లలకూ తెలియాలి.

గొంతులో ఏం జరుగుతుంది?

మన స్వరపేటికలో రెండు చిన్న కండర మడతలుంటాయి. వాటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరి తగిలి అవి అదిరితే శబ్దం పుడుతుంది. మాట్లాడేటప్పుడు మగవాళ్లవి సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు అదురుతాయి. చిన్నపిల్లలవి అంతకంటే ఎక్కువ. రోజూ అరిస్తే ఆ మడతలు ఒకదానికొకటి బలంగా కొట్టుకుని వాస్తాయి. అలాగే కొనసాగితే చిన్న కాయల్లా గట్టిపడతాయి. అందుకే బలం ఊపిరి నుంచి రావాలి, మెడ నరాల నుంచి కాదు.

మన పాటలు, వాటి పద్ధతులు

సిరొంచాలో మన పిల్లలు తెలుగు పాటా పాడతారు, మరాఠీ పాటా పాడతారు. ఒక్కోదానికి ఒక్కో తీరు.

కర్ణాటక సంగీతం: సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో, ముందు నిదానంగా, తర్వాత రెండో కాలం, మూడో కాలంలో పాడిస్తారు. గొంతు మెల్లగా వేడెక్కడానికి ఇది మంచి దారి. పిల్లల శ్రుతి పిల్లలకే ఉండాలి. గురువుగారి శ్రుతికి లాగకూడదు.

బతుకమ్మ పాట: ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. చెప్పేవాళ్లకు ప్రతి చరణం మధ్య ఊపిరి దొరుకుతుంది. చెప్పేవాళ్లను మధ్యమధ్య మార్చండి.

బుర్రకథ, పోవాడా: బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలుంటారు. పోవాడాలో శాహీరు వెనక తోడు గొంతులు "జీ జీ" అని అందుకుంటాయి. కథ చెప్పేవాడి గొంతుకు అదే విశ్రాంతి. ఒక్క పిల్లాడితోనే మొత్తం పాడించకండి.

రాజ్యగీతం: 'జయ జయ మహారాష్ట్ర మాఝా' 2023 ఫిబ్రవరి 19 నుంచి మన రాష్ట్ర గీతం. రాసింది రాజా బఢే, బాణీ శ్రీనివాస్ ఖళే, పాడింది శాహీర్ సాబళే. అది పెద్దవాళ్ల నిండు గొంతు. పిల్లలు ఆ గొంతును అనుకరించనక్కర్లేదు, తమకు వీలైన శ్రుతిలో ఉత్సాహంగా పాడితే చాలు.

సినిమా పాట: ట్రాకు పెద్ద గాయకుల శ్రుతిలో ఉంటుంది. ఫోనులో శ్రుతి తగ్గించో పెంచో పిల్లలకు సరిపడేలా పెట్టండి. మైకు ఉన్నప్పుడు అరవడం అసలే వద్దు.

పాడే ముందు, తర్వాత

• నిటారుగా నిలబడి, భుజాలు ఎత్తకుండా, పొట్ట నిండేలా ఊపిరి తీసుకోండి.
• చిన్నపిల్లలు మోటారు ఆట ఆడినట్టు పెదాలతో బుర్రుమని, తర్వాత నోరు మూసి 'మ్‌' అని 5 నిమిషాలు పలకండి.
• నీళ్లు రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. తాగిన నీరు స్వరతంత్రుల మీదుగా పోదు, ఒంటికి పట్టాకే వాటికి తడి అందుతుంది. స్టేజీ ఎక్కేముందు గ్లాసెడు తాగితే సరిపోదు.
• గొంతు బొంగురైతే గుసగుసలాడకండి, అదీ శ్రమే. మాట తగ్గించండి. మాటిమాటికీ గొంతు సవరించుకోకండి.

గొంతు మారే వయసు

సాధారణంగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక త్వరగా పెరుగుతుంది. పాట మధ్యలో గొంతు విరుగుతుంది, కీచుమంటుంది. అది జబ్బు కాదు. తోటిపిల్లలు నవ్వితే మాత్రం ఆ పిల్లాడు పాట మానేస్తాడు, మళ్లీ పాడకపోవచ్చు. వాడిని పక్కన పెట్టకండి. హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లో ఉన్న వరుస ఇవ్వండి. ఆడపిల్లల గొంతూ కొంత మారుతుంది, కానీ అంతగా తెలియదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

బొంగురు మూడు వారాలు దాటితే దగ్గరి ఆసుపత్రిలో చూపించి, చెవి-ముక్కు-గొంతు డాక్టరును కలవండి. ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, రక్తం పడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పిల్లలూ, పాడుతుంటే నొప్పి వస్తే ఆపి, టీచరుకు చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడొద్దు. ప్రోగ్రామ్ ఒక్కరోజుది, గొంతు జన్మంతా కావాలి.